షుగర్ గ్లైడర్లకి నీళ్ళు పోయొద్దు: వాసన లేకుండా శుభ్రంగా పెంచుకోవడం ఎట్టా

మా ఇంట్లో రెండు షుగర్ గ్లైడర్లు ఉండాయి, చూట్టానికి ఉడతల్లాగా ఉండే చిన్న పెంపుడు జంతువులు, మగదాని పేరు పండు, ఆడదాని పేరు బుజ్జి, వచ్చి నాలుగేళ్ళు దాటింది, ఈ నాలుగేళ్ళలో వాటికి ఒక్కసారి కూడా స్నానం చేయించలేదు, అయినా ఇంటికొచ్చినోళ్ళు బుజ్జిని చేతిలోకి తీసుకుని ముక్కు కాడ పెట్టుకుంటే ఏ వాసనా రాదు. చెప్తే నమ్మరు. కుక్కకి వారానికోసారి షాంపూ పెట్టి రుద్దే అలవాటు మనది, అదే అలవాటు దీనికీ పెడతారు, అమ్మే షాపుల్లో కూడా కొందరు అట్టానే చెప్పి పంపిస్తుండారు.

పోయిన కార్తీకంలో ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహమే చూళ్ళేదు, అట్టాంటప్పుడు మా నెల్లూరు వేదాయపాళెంలో వీధి చివరింటి పిల్లోడు రాత్రి ఎనిమిదింటికి దేన్నో టవల్లో చుట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చాడు, "ఆంటీ, కదలట్లేదు" అని. వాసన వస్తాందని వాళ్ళమ్మ అరిస్తే తన గ్లైడర్‌ని బేబీ షాంపూతో కడిగాడంట. విప్పి చూస్తే బొచ్చంతా ఒంటికి అతుక్కుపోయి తోక తాడులాగా అయిపోయుండింది, ఒళ్ళు కుండ నీళ్ళంత చల్లగా ఉండింది. పొడి గుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచి, చలికాలం దుప్పట్లకి వాడే మెత్తటి ఫ్లీస్ గుడ్డలో చుట్టి నా గుండెకి ఆనించి పెట్టుకుని కూర్చున్నా, ముప్పావు గంటకి కళ్ళు తెరిచి వేలు పట్టుకుంది. అది బతికింది గానీ అన్నీ బతకవు. ఆ రోజే అనుకున్నా, నాకు తెలిసిందంతా ఒక్కచోట రాసి పెట్టాలని.

ముందు స్నానం సంగతి

పెద్ద గ్లైడర్ బరువు 100 నుంచి 150 గ్రాములు, ఒక మోస్తరు జామకాయంత, ఆడది ఇంకొంచెం తక్కువే. అంత చిన్న ఒంట్లో వేడి నిలవడమే కష్టం. చలి తగిలినా, తిండి చాలకపోయినా అది ఒంటి వేడి తనే తగ్గించుకుని మొద్దు నిద్రలోకి పోతాది, అడవిలో అది దానికి పనికొచ్చే తెలివే, కానీ తడిసిన బొచ్చుతో అట్టా పోయిందంటే తిరిగి లేవకపోవచ్చు. పైగా సబ్బు, షాంపూ తగిలితే బొచ్చు మీదుండే నూనె పోయి చర్మం పొడిబారతాది, దురద పెడతాది, దురదకి గోక్కుని గోక్కుని పుండు చేసుకుంటాది. ఇంకోటి, ఇవి ఒకదాన్నొకటి గుర్తుపట్టేదే వాసనతో, ఉన్న వాసన కడిగేస్తే దాని జతే దాన్ని కొత్తదనుకుని మీద పడొచ్చు.

పౌడర్ కూడా వద్దు, పిల్లల టాల్కం పౌడర్ అసలొద్దు, ఆ సన్న పొడి ఊపిరితిత్తుల్లోకి పోతాది. డ్రై షాంపూ, సెంటు, కుక్కల గోమారి పౌడర్, ఇవన్నీ మీ గ్లైడర్ ఒంటి దరిదాపుల్లోకి కూడా రాకూడదు, ఎందుకంటే ఒంటి మీద ఏది పడినా అది నాలుకతో నాకేస్తాది, అంటే మీరు పూసిన ప్రతిదీ దాని కడుపులోకే పోతాది.

అది తన ఒళ్ళు తనే ఎట్టా కడుక్కుంటాది

చూట్టానికి ఉడతలాగా ఉంటాది గానీ ఉడతకీ దీనికీ చుట్టరికమే లేదు, ఇది కంగారూ తట్టుది, ఆడదానికి పొట్ట మీద సంచి ఉంటాది, పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ. అక్కడ జామాయిల్ చెట్లు, తుమ్మ జాతి చెట్లు ఉండే అడవుల్లో జిగురు, తేనె, పురుగులు తింటా బతుకుతాది, రాత్రిపూట తిరిగి పగలంతా తొర్రలో గుంపుగా పడుకుంటాది.

రాత్రి అది లేచినాక లైటు తగ్గించి పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి. ముందు వెనక్కాళ్ళ మీద కూర్చుంటాది. తర్వాత తుమ్మినట్టు, చీదినట్టు ఛీ ఛీ అని సన్న చప్పుడు చేస్తాది, రెండు చేతుల్లోకి ఉమ్ముకుంటాది, ఆ ఉమ్ముతో ముక్కు దగ్గర్నుంచి చెవుల దాకా మొహం కడుక్కుంటాది, మనం కుళాయి కాడ దోసిలి పట్టి కడుక్కున్నట్టే. కొత్తగా తెచ్చుకున్నోళ్ళు ఈ చప్పుడు విని జలుబనుకుని భయపడిపోతారు, చీదినాక చేతులు మొహానికి పోతే అది స్నానం, చేతులు కదలకుండా ఊరికే తుమ్ముతా ఉండి ముక్కు తడిగా ఉంటే అది జలుబు.

వెనక్కాలు చూడండి ఒకసారి. బొటనవేలుకి గోరుండదు, పక్కన రెండు వేళ్ళు కలిసిపోయి ఒకే వేలులాగా ఉండి చివర రెండు గోళ్ళు పక్కపక్కనే ఉంటాయి. అదే దాని దువ్వెన. దాంతోనే బొచ్చు చిక్కు తీసుకుంటాది, చెత్త లాగేసుకుంటాది. అయితే తల వెనక, మెడ మీద దానికి సరిగా అందదు, అక్కడ జతది నాకి శుభ్రం చేస్తాది. ఒక్కదాన్నే తెచ్చి పెంచితే ఆ పని చేసేవాళ్ళుండరు, దిగులుకి తన తోక తనే కొరుక్కునేవి కూడా ఉంటాయి. కాబట్టి శుభ్రంలో మొదటి మెట్టు రెండు గ్లైడర్లు పెంచడం, ఇది నేను గట్టిగా చెప్తా, ఒకటే పెంచుతాం అనేవాళ్ళకి పెంచొద్దనే చెప్తా.

వాసన యాడ నుంచి వస్తుందో ముందు కనుక్కోండి

వాసన వస్తుంది అంటారు గానీ యాడ నుంచి అని ఎవరూ చూడరు. జంతువుని పట్టుకుని మూతి, నెత్తి, పొట్ట కాడ వాసన చూడండి, తర్వాత అది పడుకునే సంచి, తర్వాత పంజరం కింది ట్రే, చెక్క సామాను, తిండి గిన్నె, ఒక్కోటి విడివిడిగా. పదిలో తొమ్మిదిసార్లు వాసన గుడ్డలోదో చెక్కలోదో అయ్యుంటాది.

మగవాటి సంగతి వేరే. పెద్దవుతున్న కొద్దీ నెత్తి మీద వజ్రం ఆకారంలో బొచ్చు ఊడి బట్టతల వస్తాది, రొమ్ము మీద కూడా ఒక చోట పలచబడి గోధుమ రంగు మరక కనపడతాది, అవి రెండూ వాసన గ్రంథులు, తోక కింద ఇంకోటి ఉంటాది. మా పండుకి బట్టతల వచ్చినప్పుడు మా అత్తమ్మ చూసి "తామర పట్టిందే దీనికి" అని పసుపు రాయబోయింది, ఆపాను. తామరైతే అంచులు ఎర్రగా, పొలుసులుగా ఉంటాది, ఆకారం సరిగా ఉండదు, ఆడదానికి కూడా రావచ్చు. గ్రంథి అయితే చర్మం నున్నగా, శుభ్రంగా ఉంటాది. ఆ మరకని రుద్ది తీసేయాలని చూడొద్దు. మగవాటికి ఆపరేషన్ చేయిస్తే కొన్ని వారాలకి ఆ గ్రంథులు తగ్గిపోయి బొచ్చు మళ్ళా వస్తాది, వాసన కూడా బాగా తగ్గుతాది, ఆడదానితో కలిపి ఉంచేటప్పుడు పిల్లలు పుట్టకుండా కూడా పనికొస్తాది. కానీ ఇంత చిన్న ప్రాణికి మత్తు ఇవ్వడం అందరి వల్లా కాదు, ఇట్టాంటి జంతువుల్ని చూసే అలవాటున్న డాక్టరే చెయ్యాలి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా, చాలామంది ఇదే చేస్తుండారు. మొదటి ఏడాది భోగికి ఇల్లంతా దులిపి కడిగినాం గదా, అదే ఊపులో పంజరం మొత్తం బయటికి లాగి, సంచులు, తాళ్ళు, కొమ్మలు అన్నీ ఒకేసారి తీసి ఫినాయిల్ నీళ్ళతో కడిగేశా. రాత్రి లోపల పెడితే పండుగాడు ఒక్క క్షణం నిలవలేదు, నెత్తి ప్రతి కమ్మీకి రుద్దాడు, ప్రతి మూలా ఉచ్చ పోశాడు, తెల్లారేసరికి అంతకుముందుకంటే రెండింతలు వాసన. దానికి తన ఇల్లు పోయినట్టే గదా, మళ్ళా తన గుర్తులన్నీ పెట్టుకోవాలి. అప్పట్నుంచి సగం సగం కడుగుతుండా.

పంజరం కడగడం, రోజుకెంత వారానికెంత

రోజూ పొద్దున్నే చేసేది పది నిమిషాల పని. రాత్రి మిగిలిన తిండి తీసేయడం, గిన్నెలు సబ్బుతో కడిగి బాగా తొలవడం, నీళ్ళ బాటిల్ మార్చడం, ట్రేలో వేసిన పేపర్ చుట్టి పారేసి కొత్తది వేయడం. ట్రేలో రంపపు పొట్టు పోసే వాళ్ళుండారు, దేవదారు, పైన్ పొట్టు ఘాటు ఊపిరికి మంచిది కాదు, మామూలు న్యూస్‌పేపర్ చాలు, ఉచ్చ రంగు, పెంట ఎట్టా ఉందో కూడా దాని మీద బాగా కనపడతాది. నీళ్ళ బాటిల్ గొట్టం లోపల పాచి పడతాది, సన్న బ్రష్‌తో వారానికి రెండుసార్లు తోమండి, గొట్టం చివరుండే చిన్న బంతిని వేలితో నొక్కి నీళ్ళు వస్తున్నాయో లేదో రోజూ చూడండి.

తిండి చిందరవందర అయ్యేది ఎందుకంటే ఇవి పండ్ల ముక్కలు నమిలి రసం మింగి పిప్పి ఊసేస్తాయి, మనం చెరకు తిన్నట్టే. ఆ పిప్పి గోడకి కూడా కొడతాయి, ఎండితే గోకినా రాదు. దీనికి నేను చేసిన ఉపాయం, మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని పక్కన గ్లైడర్ దూరేంత గుండ్రంగా కోసి అంచులు నున్నగా చేసి, తిండి గిన్నె దాని లోపల పెడతా. తినేదంతా లోపలే, పొద్దున్నే డబ్బా ఒక్కటి కడిగితే అయిపోతాది. పంజరం గోడలు తుడిచే పని సగానికి సగం తగ్గింది.

వారానికోసారి పంజరం తుడవాలి, తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు కలిపి స్ప్రే బాటిల్లో పోసుకుని, గ్లైడర్లని సంచితో సహా వేరే గదిలో పెట్టి, ఈ వారం పై సగం, వచ్చే వారం కింది సగం. తుడిచినాక మామూలు నీళ్ళతో ఇంకోసారి తుడిచి ఆరనివ్వాలి, వెనిగర్ ఘాటు పోయినాకే లోపలికి. ఫినాయిల్, బాత్రూం యాసిడ్ రెండూ వద్దు. గూడూరు నిమ్మకాయలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి గదా అని ఒకసారి నిమ్మరసంతో తుడిచా, జిగట మిగిలి చీమలు బారులు కట్టినాయి. చీమలకి సుద్ద గీతలు, పొడులు పంజరం కాడ వాడొద్దు, విషం అది. పాతకాలంలో పాల బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళే, అట్టా స్టాండు నాలుగు కాళ్ళ కిందా నీళ్ళు పోసి పెట్టండి, చాలు.

చెక్క కొమ్మలు ఉచ్చ పీల్చుకుంటాయి, వాటిని ఎంత కడిగినా వాసన పోదు, రెండు నెలలకోసారి మార్చేయాలి. మనకి కావలి, కందుకూరు తట్టు జామాయిల్ తోటలకి కొదవలేదు, మందు కొట్టని చెట్టు నుంచి కొమ్మ తెచ్చి బాగా కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి వేస్తా, అవి బెరడు పీక్కుంటా ఆడుకుంటాయి కూడా.

పంజరం కొనేటప్పుడే చూసుకోవాల్సింది, కమ్మీల సందు అరంగుళం దాటకూడదు, పైన పౌడర్ కోటింగ్ ఉండాలి. కోళ్ళ జాలీ లాంటి జింకు పూత తీగతో ఇంట్లోనే చేయించుకునేవాళ్ళుండారు, ఉచ్చ తగిలి తుప్పు పడతాది, అది నాకితే జింకు విషమయ్యే ప్రమాదం ఉండాది. చక్రం పెడితే మధ్యలో ఇరుసు లేని రకం పెట్టండి, తోక చుట్టుకోకుండా, చక్రం మీద పెంట ఎక్కువ పోస్తాయి కాబట్టి దాన్ని మాత్రం రోజు మార్చి రోజు కడగాలి.

గుడ్డలు, సంచులు

వాసనలో సగం ఇక్కడే ఉంటాది. పడుకునే సంచికి ఫ్లీస్ గుడ్డ ఒక్కటే మంచిది, చలికాలం దుప్పట్లుగా అమ్మే మెత్తటి ఫ్లీస్ ఒకటి కొంటే ఆరు సంచులు కుట్టుకోవచ్చు, అంచులు కోసినా దారాలు ఊడవు. మా అత్తమ్మ ప్రేమగా పాత వెంకటగిరి చీర చించి ఇచ్చింది, ఎంత మెత్తగా ఉంటాదో మీకు తెలుసు గదా, కానీ నేత గుడ్డకి దారం లేస్తాది, ఆ సన్న దారం గ్లైడర్ వేలికి చుట్టుకుందంటే అది లాగే కొద్దీ బిగుసుకుని రక్తం ఆగిపోతాది, తెల్లారేసరికి వేలు నల్లబడతాది. టవల్ గుడ్డ కూడా వద్దు, దాని ఉంగరాల్లో గోరు తగులుకుంటాది. సంచి కుట్టు లోపలికి తిప్పి, కుట్టు మీద ఇంకో పొర వేసి కుట్టమని టైలర్‌కి చెప్పండి. ఉతికినప్పుడల్లా లోపల వేలు పెట్టి తిప్పి దారం తగుల్తుందేమో చూడండి, చూసినాకే పంజరంలో పెట్టండి.

వారానికి రెండు సంచులు మారుస్తా, కానీ రెండూ ఒకే రోజు కాదు, ఒకటి వాటి వాసనతో లోపలే ఉండాలి. వాసన లేని డిటర్జెంట్ కొంచెమే వేసి వేడినీళ్ళల్లో నానబెట్టి, ఆఖరి జాడింపులో రెండు చెంచాల వెనిగర్ పోస్తే ఉచ్చ వాసన పోతాది. కంఫర్ట్ లాంటి సువాసన ద్రావణాలు వెయ్యొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఉతికిన సంచులు బీరువాలో కలరా ఉండల పక్కన దాచొద్దు, ఆ ఘాటు గుడ్డకి పడతాది, నాఫ్తలీన్ ఇట్టాంటి చిన్న ప్రాణులకి విషం. నేనైతే మూత బిగుతుగా ఉండే బిస్కెట్ డబ్బాలో దాస్తా.

గోళ్ళు తీయడం

దీనికి అందరూ భయపడతారు, నిజానికి భయపడాల్సిందే కొంచెం, కానీ ఒకసారి చెయ్యి తిరిగితే అయిదు నిమిషాల పని. ఎందుకు తీయాలంటే, గోరు కొక్కెంలా పెరిగితే ఫ్లీస్‌కి తగులుకుని వేలాడతాది, మీ చేతి మీద గీతలు పడతాయి, దాని కంట్లో అదే గీరుకోవచ్చు. మా ఇంట్లో రెండు మూడు వారాలకోసారి తీస్తుండా. తరచూ చూస్తా ఉండాలి, మొన చేతికి ముల్లులా గుచ్చుకుంటే టైమైనట్టు.

టైము పగలు పదీ పదకొండు మధ్య, అది గాఢ నిద్రలో ఉండేటప్పుడు. కిటికీ పక్కన వెలుతురులో కూర్చోండి, ఫ్యాన్ ఆపండి, తలుపులు మూయండి. పసిపిల్లల గోళ్ళు తీసే చిన్న కట్టర్ కావాలి, పక్కన చిన్న గిన్నెలో కార్న్‌ఫ్లోర్ పెట్టుకోండి. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని తల లోపలే ఉంచి, ఒక్క చెయ్యి మాత్రం మెల్లగా బయటికి తీయండి. మీ బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆ చిన్న వేలుని పట్టుకుని వెలుతురుకి పెడితే గోరు లోపల గులాబీ రంగు గీత కనపడతాది. అదే రక్తనాళం. దానికి ముందు పారదర్శకంగా కొక్కెంలా వంగిన మొన ఉంటాది, ఆ మొనలో కూడా చివరి వెంట్రుకంత, అంతే, అంతకు మించి పోవద్దు. కట్టర్‌ని గోరుకి అడ్డంగా కాకుండా పక్క నుంచి పెడితే గోరు చితకదు. కట్టర్ పెట్టిన ప్రతిసారీ అది చెయ్యి లాక్కుంటాది, లాక్కున్నప్పుడు మీరు లాగొద్దు, వదిలేసి మళ్ళా పట్టుకోండి.

ఇంకో జాగ్రత్త, ముంజేతి నుంచి వెనక్కాలి దాకా ఎగరడానికి ఒక పల్చని చర్మపు పొర ఉంటాది, చెయ్యి బయటికి లాగినప్పుడు ఆ పొర కట్టర్ మధ్యలోకి రాకుండా చూసుకోండి. వెనక్కాలి దువ్వెన గోళ్ళని నేను దాదాపు ముట్టుకోను, మరీ పెరిగితే తప్ప, అవి పోతే బొచ్చు దువ్వుకోలేదు. ముందు కాళ్ళ గోళ్ళు కూడా మొత్తం మొండి చెయ్యొద్దు, ఎక్కడానికి పట్టు కావాలి, పట్టు లేక ఎత్తు నుంచి జారి పడతాది.

రక్తం వస్తే కంగారు పడొద్దు, కార్న్‌ఫ్లోర్‌లో ఆ వేలు అద్ది, ఒక నిమిషం మెత్తగా నొక్కి పట్టండి, ఆగుతాది. ఇంత చిన్న ఒంట్లో రక్తమే తక్కువ కాబట్టి అయిదు నిమిషాలకి కూడా ఆగకపోతే డాక్టర్ కాడికి పోవాలి. మొదటి రోజే అన్నీ తీయాలని లేదు, నేను మొదట్లో రోజుకి రెండు గోళ్ళే తీసేదాన్ని, తీసినాక వేలి మీద ఒక చుక్క తేనె నాకించేదాన్ని. ఇప్పుడు బుజ్జి నిద్రలోనే చెయ్యి ఇచ్చేస్తాది. ఒకటి కర్ర్‌ కర్ర్‌ అని అరుస్తా ఎదురు తిరుగుతుంటే ఆ రోజుకి వదిలేయండి, రేపు కూడా పగలుంటాది.

పళ్ళు మాత్రం ఎప్పుడూ కత్తిరించొద్దు. కింది ముందు పళ్ళు రెండూ పొడుగ్గా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, చూసినోళ్ళకి పెరిగిపోయినట్టు కనపడతాది, ఎలుకలకి పెరిగినట్టు వీటికి పెరగవు, కత్తిరిస్తే నరం బయటపడి నరకం చూస్తాది.

ఒంటికి ఏదైనా అంటుకుంటే

మామిడి రసమో, తేనెనో, ఉచ్చో అంటుకుని బొచ్చు జిగటగా అయితే అక్కడ మాత్రమే శుభ్రం చెయ్యాలి. పాత బనీను ముక్క గోరువెచ్చటి నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, తడి చేతికి తెలీనంతగా పిండినాక, బొచ్చు వాలు వెంబడి రెండు మూడుసార్లు తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి. తర్వాత అరగంట వెచ్చటి సంచిలో ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఆ చప్పుడుకే గుండె ఆగినంత భయపడతాది. దూరం పోయినప్పుడు తప్పదనుకుంటే సువాసన, ఆల్కహాల్ లేని బేబీ వైప్ వాడొచ్చు, రోజూ కాదు.

నిద్ర లేచిన వెంటనే ఉచ్చ, పెంట పోస్తాయి, అందరి మీదా పోస్తాయి. కాబట్టి సంచి లోనుంచి తీసినోళ్ళు వెంటనే ఒళ్ళోకి తీసుకోకండి, పాత టీషర్ట్ మీద రెండు నిమిషాలు వదిలితే పని కానిచ్చేస్తాది, టిష్యూతో తోక కింద ఒత్తి తీసుకుంటే మీ చొక్కా బాగుంటాది, దాని బొచ్చూ బాగుంటాది. ఆడుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవడం ఇంట్లో పిలకాయలకి మొదటి రోజు నుంచే అలవాటు చెయ్యండి.

ఆడదాని పొట్ట మీది సంచి లోపల వేలు పెట్టి శుభ్రం చెయ్యాలని ఎవరైనా చెప్తే వినొద్దు. దాన్ని అదే నాక్కుంటాది. అక్కడ్నుంచి చెడు వాసన గానీ చీము గానీ వస్తే డాక్టర్ పని. పిల్లలు సంచిలోంచి బయటికొచ్చిన కొత్తల్లో పంజరం పెద్దగా కడగడం కూడా ఆపేయండి, ట్రే పేపర్ మార్చడం, గిన్నెలు కడగడం చాలు, తల్లికి కంగారు పుడితే పిల్లల్ని వదిలేస్తాది.

మన ఎండలు, మన ముసురు

వీటికి హాయిగా ఉండేది 24 నుంచి 27 డిగ్రీల మధ్య. మనకేమో మే నెలలో, రోహిణి కార్తెలో 42, 43 దాటే రోజులుంటాయి, ఉక్కపోత వేరే. 32 దాటితే వీటికి కష్టం మొదలవుతాది. వేడికి ఇవి చేతులు, ఒళ్ళు నాక్కుని ఉమ్ముతో తడుపుకుంటాయి, ఆ తడి బొచ్చు చూసి మురికి పట్టిందనుకుని తుడవబోతారు, అది మురికి కాదు, వేడి తట్టుకోలేక చేస్తున్న పని, గది మార్చాల్సిన టైము. పంజరం ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలోకి మార్చండి, మేడ మీది గదిలో అసలొద్దు, ఫ్రీజర్లో గడ్డ కట్టించిన నీళ్ళ బాటిల్ ఫ్లీస్‌లో చుట్టి పంజరం బయట ఆనించి పెట్టండి. ఏసీ, కూలర్ గాలి సూటిగా తగలకూడదు. తిండి కూడా ఎండాకాలంలో తొందరగా పులుస్తాది, నేను రాత్రి తొమ్మిదికి పెట్టి తెల్లవారుజామున అయిదుకల్లా తీసేస్తా.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి అసలు వానలు, తుఫాను పట్టిందంటే వారం రోజులు గుడ్డ ఆరదు. ఆ మూడు నెలలకి సంచులు రెట్టింపు కుట్టి పెట్టుకోండి, తేమగా ఉన్న సంచి పెట్టడం కంటే ఒక రోజు మాసింది ఉంచడమే మేలు. సంచి ఆరిందో లేదో చెంపకి ఆనించి చూస్తా, చేతికి తెలీని చల్లదనం చెంపకి తెలుస్తాది. దోమలు కూడా అప్పుడే ఎక్కువ, కాయిల్, లిక్విడ్ మెషిన్ ఆ గదిలో పెట్టొద్దు, కిటికీలకి దోమల జాలీ కొట్టించండి. సాంబ్రాణి పొగ, అగరొత్తులు కూడా ఆ గదికి దూరంగా, మా ఇంట్లో పూజ గది పక్కనుండే పంజరాన్ని దీని కోసమే హాల్లోకి మార్చినాం.

మురికిగా కనపడితే అనుమానించండి

ఇన్నాళ్ళలో నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి, ఆరోగ్యంగా ఉన్న గ్లైడర్ మురికిగా ఉండదు. బొచ్చు చింపిరిగా, జిడ్డుగా, తోక కింద తడిగా ఉందంటే అది ఒళ్ళు కడుక్కోవడం మానేసిందని అర్థం, మానేసిందంటే దానికి బాగాలేదు. దాన్ని కడిగితే రోగం పోదు. విరేచనాలు, ఒంట్లో నీళ్ళు తగ్గడం, కాళ్ళల్లో బలం లేక వంగలేకపోవడం, ఇట్టాంటివేవో ఉంటాయి. కాల్షియం తక్కువైతే వెనక్కాళ్ళు పడిపోతాయి, తిండిలో కాల్షియం భాస్వరానికి దాదాపు రెండింతలుండాలి, వట్టి పళ్ళు, వేరుశనక్కాయలు పెట్టి పెంచితే అది కుదరదు. భుజాల మధ్య చర్మం మెల్లగా పట్టి వదిలితే వెంటనే కిందికి పోవాలి, గుడారంలా నిలబడితే నీళ్ళు తగ్గినట్టు.

దీనికి ఎదురుది కూడా ఉంటాది, మరీ ఎక్కువగా నాక్కోవడం, ఒకే చోట కొరకడం. తోక మొదట్లో బొచ్చు పలచబడటంతో మొదలవుతాది. ఒంటరితనం, ఇంట్లో గోల, నొప్పి, ఏదైనా కావచ్చు. మగవాటికి మర్మాంగం బయటికొచ్చి లోపలికి పోకుండా ఎండిపోతుంటే అది కొరికేసుకుంటాది, తడి గుడ్డ తగిలిస్తా వెంటనే డాక్టర్ కాడికి తీసుకుపోండి, రాత్రయినా సరే. మన తట్టు డాక్టర్లు ఎక్కువగా బర్రెలు, కుక్కలు చూసేవాళ్ళు, మంచోళ్ళే, కానీ గ్లైడర్ చూసి ఉండకపోవచ్చు, అందుకే జబ్బు రాకముందే అడిగి పెట్టుకోండి. తిరుపతిలో పశువైద్య కాలేజీ ఉండాది, చెన్నై వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉండాది, నెల్లూరు నుంచి ఆ రెండిటికీ మూడు నాలుగు గంటల్లో పోవచ్చు, ఎవరు చూస్తారో ఫోన్ చేసి కనుక్కుని నంబర్ ఫ్రిజ్ మీద అతికించి పెట్టుకోండి.

ఆదివారం సాయంత్రం నేను చేసే పని ఒకటుంది, వంటింట్లో గ్రాములు చూపించే చిన్న కాటా మీద మూతలేని డబ్బా పెట్టి, అందులో ఒక్కోదాన్ని సంచి లేకుండా దింపి బరువు చూస్తా, పక్కన నోట్‌బుక్‌లో తేదీ వేసి రాస్తా. బొచ్చు కింద ఎంత చిక్కిందో కంటికి తెలీదు, కాటాకి తెలుస్తాది. పోయిన ఏడాది పండు 128 నుంచి రెండు వారాల్లో 114కి వచ్చాడు, అప్పటికి ఇంకా ఆడుతున్నాడు, తింటున్నాడు, చూస్తే పక్క పన్ను కాడ చిగురు వాచి ఉండింది. పదో వంతు బరువు తగ్గిందంటే సోమవారం దాకా ఆగొద్దు, ఆ రాత్రే ఫోన్ చెయ్యండి.